ఎవరు వద్దన్నారు? – మలాజ్‌లో మేము నేర్చుకొన్న పాఠము



మన పత్రికలో పూర్వీకుల ఓడలను గూర్చి, పండుగలను గూర్చి, భాషను గూర్చి పెక్కు వ్యాసాలు వచ్చియున్నవి. ఈసారి మనకు మనమే వేసుకొనే కంచెలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచాము. ఈ ఆలోచన మాకు కలిగినది డర్బనులో కాదు, సౌదీ అరేబియా రాజధాని అయిన రియాద్ నగరంలో, మలాజ్ అనే పేటలో.

మా చెల్లెలి కుమార్తె నర్సు. దక్షిణాఫ్రికా నర్సులు సౌదీ ఆసుపత్రులలో పని చేయడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. మా మేనకోడలు 2014లో వెళ్ళింది. 2023 జనవరిలో మేము, మా ఇంటావిడ ఆమె వద్ద మూడు వారాలు ఉన్నాము. ఒకనాటి సాయంత్రం కూరగాయలకని బయలుదేరి, టాక్సీ కోసం రోడ్డు పక్కన చాలాసేపు నిలబడవలసి వచ్చింది. మేము ఊరకనే అడిగాము: “అమ్మాయీ, డర్బనులో కారు నీవే నడిపేదానివి గదా, ఇక్కడ ఎందుకు నడపవు?”

“ఇక్కడ ఆడవాళ్ళు నడపకూడదు గదా మావయ్యా” అని ఠక్కున అన్నది.

ఆ మాట అన్న తర్వాత తానే ఆగిపోయింది. ఎందుకంటే ఆ నిమిషంలోనే మా ముందునుంచి ఒక స్త్రీ కారు నడుపుకొంటూ పోయింది. సౌదీలో స్త్రీలు వాహనం నడపవచ్చునని 2017 సెప్టెంబరులో రాజాజ్ఞ వెలువడింది. 2018 జూన్ 24 నుండి అది అమలులోకి వచ్చింది. అంటే నాలుగున్నర సంవత్సరాలు గడిచిపోయాయి. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. పత్రికలలో చదివింది, తోటి నర్సులు నడపడం కళ్ళారా చూసింది. అయినా తన విషయానికి వచ్చేసరికి నోటికి వచ్చినది ఆ పాత మాటే. లేని తలుపుకు తాళం వేసుకొని కూర్చున్నట్లయింది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇటువంటి తాళాలు మనలో ఎవరెవరి వద్ద ఎన్ని ఉన్నవో అని లెక్క పెట్టుకొంటూ పడుకొన్నాము.

మలాజ్ కథ

ముందుగా ఆ పేటను గూర్చి కొంచెం చెప్పవలెను. పూర్వం రియాద్ మట్టి ఇళ్ళ ఊరు. చుట్టూ మట్టి కోటగోడ, దానికి ద్వారాలు ఉండేవి. 1950 ప్రాంతంలో ఆ గోడను పడగొట్టారు. తరువాత సౌదు రాజు కాలంలో, ప్రభుత్వ మంత్రిత్వశాఖలను జిద్దా నుండి రియాద్‌కు తరలించినప్పుడు, ఉద్యోగుల నివాసానికై పాత ఊరికి వెలుపల కట్టిన పేటయే మలాజ్. అప్పట్లో దానిని ‘కొత్త రియాద్’ అని కూడా అనేవారు. పాత ఊరి వంకర సందులకు బదులు చదరంగపు గళ్ళవలె తిన్నని వీధులు, మట్టికి బదులు సిమెంటు కాంక్రీటు, ఒకదానికొకటి ఆనుకొని ఉండే ఇళ్ళకు బదులు చుట్టూ ఖాళీ స్థలం వదలిన విడి ఇళ్ళు వచ్చాయి. 1957లో స్థాపించిన రియాద్ విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాలలు చాలాకాలం ఇక్కడనే నడిచాయి. నేడు మలాజ్ పాతబడిన పేట. సలాహుద్దీన్ అయ్యూబీ రోడ్డును జనం ఇప్పటికీ ‘సిత్తీన్’, అనగా అరవై అనే పిలుస్తారు. అక్కడ సూడాను వారు, ఈజిప్టు వారు, మన భారతదేశం వారు ఎందరో కాపురముంటున్నారు.

ఇందులో మాకు ఆసక్తి కలిగించినది ఒక చిన్న సంగతి. ఊరి గోడ పోయిన తరువాత, ఈ కొత్త ఇళ్ళలోకి వచ్చిన పెక్కు కుటుంబాలవారు తమ ప్రహరీగోడల మీద రేకులు కట్టి ఎత్తు పెంచుకొన్నారట. పొరుగువారి కిటికీలోనుంచి తమ పెరడు కనబడకూడదని వారి కోరిక. దీనిని మేము తప్పు పట్టడం లేదు. ఇంటి గుట్టు వారికి ముఖ్యం, వారు కోరి కట్టుకొన్నారు. కాని మేము గ్రహించినది ఏమనగా, గోడ అనేది ఊరు పడగొట్టినంత మాత్రాన పోదు. కొందరు తెలిసి కట్టుకొంటారు, కొందరు తెలియకుండా లోపల కట్టుకొంటారు. ఈ రెంటికీ భేదం తెలియాలి.

మూడు రకాల కంచెలు

మేము ఆలోచించినంతలో కంచెలు మూడు రకాలు.

మొదటిది, నేటికీ నిలిచి ఉన్న కంచె. దానిని ఇతరులు వేశారు, కావలి కూడా ఉన్నది. రెండవది, ఒకప్పుడు ఇతరులు వేసి, తరువాత తీసివేసినా, మన మనస్సులో మాత్రం మిగిలిపోయిన కంచె. మూడవది, ఏనాడూ ఎవరూ వేయనిది, మనమే వేసుకొన్నది.

ఈ మూడింటిని వేరు చేయకుండా “అడ్డంకులన్నీ నీ మనస్సులోనే ఉన్నవి, ధైర్యం చేస్తే చాలు” అని ఉపదేశించేవారు నేడు ఎక్కువైనారు. ఆ మాట వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని మన ముత్తాతల ముందు నిలబడి ఆ మాట అనగలమా? 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ అనే ఓడ డర్బను రేవుకు చేరినది మొదలు 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా మనుషులు నేటాలుకు కూలి ఒప్పందం మీద వచ్చారు. అందులో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రాజధాని వారే. పాసు లేకుండా ఎస్టేటు దాటితే పట్టుకొని శిక్షించేవారు. ఒప్పందం ముగిసినా మళ్ళీ కూలికి ఒప్పుకోక, స్వదేశం పోక నిలిచినవారి మీద 1895 చట్టం ఏటా 3 పౌండ్ల పన్ను వేసింది. 1913లో వేలాదిమంది సమ్మె కట్టి, జైళ్ళకు వెళ్ళి, దెబ్బలు తిన్న తరువాతనే 1914లో ఆ పన్ను రద్దయింది. అది మనస్సులోని కంచె కాదు. ఇనుప కంచె. దానిని తీయడానికి ఒక్కని ధైర్యం చాలలేదు, అందరూ కలిసి నిలవవలసి వచ్చింది.

మలాజ్‌లో కూడా ఈ భేదం మాకు కళ్ళకు కట్టినట్లు కనబడింది.

ఇద్దరు సోదరులు

మా మేనకోడలి ఇంట ఏసీ చెడిపోతే బాగు చేయడానికి ఒక తెలుగు సోదరుడు వచ్చాడు. శ్రీకాకుళం జిల్లా వాడు. పని చేస్తూ తన కథ చెప్పాడు. సౌదీలో ‘కఫీల్’ అనగా పూచీదారు, పనిలో పెట్టుకొన్న యజమాని. అతని అనుమతి లేనిదే వేరొక చోట పనికి మారడానికి గాని, సెలవుకు దేశం పోవడానికి గాని వీలు లేకుండా ఎన్నో ఏళ్ళు నడిచింది. 2021 మార్చి 14 నుండి అమలైన సంస్కరణతో ప్రైవేటు సంస్థలలో పని చేసేవారు, కొన్ని షరతులకు లోబడి, యజమాని ఒప్పుకోలు లేకుండానే వేరొక పనికి మారే వీలు కలిగింది. దేశం దాటి పోయి రావడానికి అనుమతిని కూడా తామే కోరుకొనవచ్చును. కాని ఇళ్ళలో పని చేసేవారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు ఆ సంస్కరణలోకి రాలేదు.

మన ఏసీ సోదరుడు ఒక కంపెనీ పనివాడు. అతని ఒప్పందం కాలం తీరిపోయింది. జీతం చాలదు. అయినా “కఫీలు ఒప్పుకోడు” అంటూ ఏడాది పైగా అక్కడే పడి ఉన్నాడు. తుదకు గదిలో ఉండే మిత్రుడు ‘కివా’ అనే ప్రభుత్వ వేదికలో అతని ఒప్పందం తీసి చదివి చెప్పితే, తనకు వీలున్నదని తెలిసింది. పని మారాడు. “ఏడాది దండగైపోయిందండి. ఎవరూ ఆపలేదు, నేనే ఆగిపోనాను” అన్నాడు.

అతని ఊరికి దగ్గరి ఊరివాడే ఇంకొక సోదరుడు రియాద్‌లో ఒకరి ఇంటి డ్రైవరు. అతనూ ఇది విని ఎంతో ఆశతో అడిగించుకొన్నాడట. అతనికి ఆ దారి లేదని తేలింది. ఒకే ప్రాంతం, ఒకే ఊరి పని, ఒకే సంవత్సరం. ఒకరి కంచె గాలిలో కట్టినది, మరొకరిది నేలలో పాతినది. కంపెనీవానికి చెప్పవలసినది “అడిగి చూడు” అని. ఇంటి డ్రైవరుకు ఆ మాట చెప్పి ఊరుకొంటే అది పుండు మీద కారం చల్లినట్లే. అతనికి కావలసినది తోడు, న్యాయమైన చట్టం.

ఇక్కడ ఇంకొక సంగతి మనవారికి తెలియవలెను. మన పూర్వీకుల కాలంలో రేవులలో వలస కూలీల పేర్లు వ్రాసిన అధికారిని ‘వలసదారుల సంరక్షకుడు’ అనేవారు. 1983లో భారతదేశం చేసిన వలస చట్టంలో కూడా ఆ పదవి అదే పేరుతో నిలిచింది. గల్ఫుకు పోయే సోదరుల కాగితాల మీద ఆ కార్యాలయపు ముద్రే పడుతూ వచ్చింది. కనుక వారిని చూచి “వీరెవరో” అనుకొనరాదు. వారు మన ముత్తాతల దారిన నడుస్తున్నవారే.

తీసివేసినా మిగిలే కంచె

ఇక రెండవ రకానికి వద్దాము. ఇది మనవారిలో మెండు. ఆరెంజ్ ఫ్రీ స్టేటులో భారతీయులు కాపురముండరాదని 1891లో చట్టం చేశారు. అది 1986 వరకు సాగింది. చిన్నతనంలో మా నాయనగారు రైలులో పోతూ ఆ ప్రాంతం రాగానే గొంతు తగ్గించి మాట్లాడేవారు. నేటికీ మన ఇళ్ళలో “అటు మనవాళ్ళు పోరు” అనడం వింటాము. ఎందుకు పోరు అని అడిగితే చెప్పగల పిల్లలు లేరు. కారణం చచ్చిపోయింది, అలవాటు మాత్రం బ్రతికి ఉన్నది.

అయితే ఈ అలవాటును ఎగతాళి చేయడం మర్యాద కాదు. “గేటు దాటవద్దు నాయనా” అని ఎస్టేటులో ఒక తల్లి కొడుకుకు చెప్పినప్పుడు ఆ మాట అతనిని జైలు పాలు కాకుండా కాపాడింది. ఆ మాటలో ప్రేమ ఉన్నది, అనుభవం ఉన్నది. కొడుకు తన కొడుకుకు చెప్పినప్పుడు కారణం సగం మిగిలింది. మనుమడికి వచ్చేసరికి “వద్దు” అన్న ఒక్క మాటే మిగిలింది. కావున పెద్దల కంచెకు ముందు నమస్కారం చేసి, ఆపైన “ఈ ప్రమాదం ఇప్పటికీ ఉన్నదా?” అని అడగవలెను.

మేమే వేసిన కంచె

మూడవ రకం కంచెను గూర్చి వ్రాయడానికి మాకు కొంచెం సిగ్గుగా ఉన్నది. అయినా వ్రాయక తప్పదు.

ఆ ఏసీ సోదరుడు వచ్చిన రోజున మేము అతనితో తెలుగులో మాట్లాడుతున్నాము. మా మేనకోడలు మాత్రం ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. “అమ్మగారు తెలుగువారు కారాండీ?” అని అతడు అడిగితే, తనకు తెలుగు రాదని ఇంగ్లీషులోనే అన్నది. అతడు మధ్యాహ్నం భోజనం చేయలేదని తెలిసింది. అప్పుడు ఆమె వంటింట్లోనుంచి, ఏమీ ఆలోచించకుండా, “ఉండు, కూసింత సల్దన్నం ఉంది, పెడతాను” అన్నది.

అతని చేతిలోని స్పానరు అలాగే నిలిచిపోయింది. “ఈ మాట మా యమ్మ అంటాదండి” అన్నాడు. మరి కాసేపు అతడు మాట్లాడలేదు.

ఆ మాట ఆమెకు ఎక్కడిది? అమ్మమ్మది. అనగా మా తల్లిగారిది. మా అమ్మగారు మన ఆంధ్ర మహాసభ స్థాపించిన 1931లోనే పుట్టినది. చెరకు తోటల మధ్య పెరిగినది. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం. మా మేనకోడలు ఆదివారం ఆదివారం ఫోను చేసి “హలో అమ్మమ్మా” అని, ఆ తరువాత రెండు ఇంగ్లీషు ముక్కలు చెప్పి, ఫోను తల్లికి ఇమ్మనేది. తొమ్మిదేళ్ళు అట్లాగే గడిచింది.

ఆ రాత్రి మేము అడిగాము: “నీకు ఇంత చక్కని తెలుగు వచ్చు గదా, రాదని ఎందుకు చెప్పావు? ఎవరన్నారు నీకు రాదని?”

ఆమె కొంచెంసేపు మా వంక చూచి, “మీరే మావయ్యా” అన్నది.

తనకు పదకొండేళ్ళప్పుడు, ఉగాది నాడు మా ఇంట, అందరి ముందు ఏదో పద్యం చెప్పబోయి తప్పు పలికిందట. మేము గట్టిగా నవ్వి, “ఇది తెలుగు కాదమ్మా, ఎస్టేటు భాష. నీవు ఇంగ్లీషులోనే చెప్పు” అన్నామట. మాకు ఆ సంగతి జ్ఞాపకమే లేదు. ఆమెకు మాత్రం ముప్పై ఏళ్ళయినా ఆ మాట నిన్న విన్నట్లుగా ఉన్నది. కంచెను వేసినవాడు మరచిపోతాడు, లోపలివాడు మరచిపోలేడు.

పాఠక మహాశయులారా, మేము చేసిన పని మనలో పెక్కుమంది చేసియుందురు. మంచి తెలుగు నేర్పవలెనన్న ఆరాటంలో, ఉన్న తెలుగును నోటిలోనే చంపివేశాము. మన దేశపు 1996 రాజ్యాంగంలో ఆరవ విభాగం, గౌరవించి పెంపొందించవలసిన భాషలలో తెలుగును పేరు పెట్టి చెప్పింది. దేశపు మూల చట్టం వద్దనలేదు. పొరుగువారు వద్దనలేదు. ‘మాది అసలైన తెలుగు కాదు’ అని మనమే వద్దనుకొన్నాము. అసలైన తెలుగు ఎక్కడ ఉన్నదని మనం భయపడ్డామో, ఆ శ్రీకాకుళం నుండి వచ్చిన మనిషి మన ఎస్టేటు మాట విని తన తల్లిని తలచుకొన్నాడు.

నాలుగు ప్రశ్నలు

కంచె ఏ రకమో తెలుసుకొనుటకు మేము నాలుగు ప్రశ్నలు వేసుకొన్నాము. మీరూ వేసి చూడండి.

మొదటిది: ఎవరు వద్దన్నారు? “మనవాళ్ళు చేయరు”, “బాగుండదు” అనేవి జవాబులు కావు. ఒక మనిషి పేరో, ఒక చట్టం పేరో చెప్పగలగాలి.

రెండవది: ఎప్పుడు, ఏ కారణం చేత అన్నారు? కారణం తెలిస్తే పెద్దల మీద కోపం పోతుంది.

మూడవది: ఆ కారణం ఇప్పటికీ ఉన్నదా? దీనిని ఊహించి చెప్పరాదు. తెలిసినవారిని అడగాలి, కాగితం చదవాలి. ఏసీ సోదరునికి మేలు చేసినది ధైర్యం కంటే ముందు ఆ కాగితం చదవడమే.

నాలుగవది: దాటి చూస్తే ఏమి పోతుంది? ఉద్యోగం, ప్రాణం, సంసారం పోయేటట్లుంటే తొందరపడరాదు. తోడు వెతుక్కోవలెను. పోయేది కాస్త సిగ్గు మాత్రమే అయితే, రేపే ఒక చిన్న అడుగు వేసి చూడవలెను.

ఇక్కడ ఒక సందేహం రావచ్చును. కంచెలన్నీ తీసివేస్తే మన ఆచారాలు ఏమి కావలెను? శనివారం ఉపవాసం, గోవింద భజన, పండుగనాటి నియమాలు, ఇవి కూడా కంచెలేనా? కావు. నియమం అనేది కారణం తెలిసి, మనస్ఫూర్తిగా పట్టుకొన్నది. దానిని పట్టుకొన్నవాడు విడువగలడు, అయినా విడువడు. కంచె లోపలివానికి విడవవచ్చునన్న సంగతే తెలియదు. మలాజ్‌లో ప్రహరీ ఎత్తు పెంచుకొన్న గృహస్థుకు తాను గోడ కట్టినట్లు తెలుసు. మా మేనకోడలికి తన నోటి ముందు గోడ ఉన్నట్లే తెలియదు. ఆ నాలుగు ప్రశ్నలకూ నిలిచిన నియమం మరింత గట్టిపడుతుంది.

తరువాతి సంగతి

మేము డర్బనుకు తిరిగి వచ్చిన తరువాతి ఆదివారం ఫోను మోగింది. మా అమ్మగారు ఎత్తింది. అటునుంచి “అమ్మమ్మా, బువ్వ తిన్నావా?” అని తెలుగు మాట వినబడింది. మా అమ్మగారు ఫోనును చెవి నుండి తీసి ఒకసారి చూచి, మళ్ళీ చెవికి పెట్టుకొని, “ఎవురే నువ్వు?” అన్నది. తరువాత ముప్పావుగంట ఇద్దరూ మాట్లాడుకొన్నారు. తప్పులు దొర్లాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా అది సంతోషపు నవ్వు.

ఆపైన ప్రతి ఆదివారం అదే వరుస. తమ తాత పని చేసిన మిల్లు సంగతులు, వరుస ఇళ్ళలో జరిగిన పెళ్ళిళ్ళు, ఎవరి కోడి ఎవరు దొంగిలించారు, ఏ చెట్టు కింద అమ్మవారిని నిలిపారు, మేము కూడా వినని కథలు ఎన్నో మనుమరాలికి చెప్పింది. నాలుగు నెలలు గడిచాయి. ఆ ఏడు మే నెలలో మా అమ్మగారు స్వర్గస్థులైనారు.

ఆ నాలుగు నెలలు దక్కినందుకు దేవునికి నమస్కారం. దక్కని తొమ్మిదేళ్ళకు మాత్రం మాదే బాధ్యత. ఆ లెక్క మేము ఎవరి ఖాతాలోనూ వ్రాయలేము.

మా మేనకోడలు ఆ సంవత్సరమే తన డర్బను లైసెన్సును చూపించి అక్కడి లైసెన్సు తీసుకొన్నది. ఇప్పుడు సిత్తీన్ రోడ్డు మీద తానే కారు నడుపుకొంటూ పనికి పోతున్నది.

మన సభల్లో, బడుల్లో, ఇళ్ళల్లో ఒక చిన్న పని చేయమని పాఠకులకు మా ప్రార్థన. ఈ ఉగాదికి పిల్లలు ఏ తెలుగు మాట్లాడినా, ఎంత వంకరగా పలికినా, ముందు చివరివరకు వినండి. దిద్దవలసి వస్తే మరునాడు, ఒంటరిగా, ప్రేమతో దిద్దండి. “మనవల్ల కాదు” అన్న మాట మీ నోటికి వచ్చినప్పుడల్లా “ఎవరు వద్దన్నారు?” అని ఒకసారి అడగండి. జవాబుగా ఒక నిజమైన అన్యాయం కనబడితే, 1913లో మన పెద్దలు చేసినట్లు కలిసి నిలవండి. జవాబుగా ఎవరూ కనబడకపోతే, తలుపు తోసి చూడండి. అది తెరిచే ఉండవచ్చును.

పెద్దలైన వారికి ఇంకొక్క మనవి. జవాబుగా పిల్లలు మన వంక చూస్తే, తల దించుకొని ఒప్పుకొందాము. మేము ఒప్పుకొన్నాము. దానివల్ల మా పరువు ఏమీ పోలేదు.